పిల్లల గౌనుకు వయస్సు కాదు, ఒడ్డూ పొడుగూ కొలవండి

"ఎదిగే పిల్ల గదా, కాస్త వదులుగా వుండనివ్వండి." ఈ మాట వినని దర్జీ మన దేశంలో వుండడు. ఇంట్లోనే కుట్టుకునే గృహిణి అయితే ఈ మాట తనకు తానే చెప్పుకుంటుంది. గుడ్డ ధరా, పిల్లల ఎదుగుదలా రెండూ ఎరిగిన తల్లి అనే మాటే గనుక దీన్ని తప్పుపట్టడానికి లేదు. కాని ఆ వదులు ఎక్కడ వుండాలి? చిక్కంతా అక్కడే వస్తున్నది.

ఆరేళ్ళ పిల్లకు ఎనిమిదేళ్ళ నమూనా పెట్టి గౌను కత్తిరించారనుకోండి. మెడ జారుతుంది. భుజం కుట్టు చేతి మీదికి దిగుతుంది. పిల్ల పండుగ పూటంతా ఒక చేత్తో భుజం ఎగలాక్కుంటూనే ఆడుకుంటుంది. పోనీ, మరుసటి ఏటికి సరిపోతుందా అంటే, అప్పటికి రంగు వెలిసి, చంకల దగ్గర పిగిలి, ఇంట్లో తొడిగే బట్టల్లో చేరిపోతుంది. అంటే ఆ గౌను కొత్తగా వున్నప్పుడు సరిపోలేదు, సరిపోయేనాటికి కొత్తగా లేదు. డబ్బు మిగులుతుందని చేసిన పనిలో డబ్బూ పోయింది, పిల్ల ముచ్చటా తీరలేదు.

కాగితపు నమూనా చూసి కుట్టేవారికి యీ ఇబ్బంది మరీ ఎక్కువ. నమూనా మీద "6 ఏళ్ళు" అని అచ్చువేసి వుంటుంది. ఇంట్లో పిల్లకు ఆరేళ్ళు వుంటాయి. ఇంకేం కావాలి అనిపిస్తుంది. కావలసినది చాలా వున్నది.

నమూనా మీది అంకె ఎవరిది?

సైజులవారీగా కాగితపు నమూనాలను 1863లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఎబెనెజర్ బటరిక్ అనే దర్జీ అమ్మకానికి పెట్టాడు. అంతకు ముందు నమూనా అంటే ఒకే కొలత; దాన్ని పెంచుకోవడం, తగ్గించుకోవడం కుట్టేవారి తెలివిని బట్టి వుండేది. సైజుల నమూనాలు వచ్చి ఆ బాధ చాలావరకు తప్పించాయి. అయితే పిల్లల సైజుకు వయస్సునే గుర్తుగా పెట్టడం అలవాటైపోయింది.

ఆ గుర్తు ఎంతవరకు సబబో తేల్చడానికి అమెరికా వ్యవసాయ శాఖ 1930లలో సుమారు లక్షా నలభై ఏడు వేలమంది పిల్లలను కొలిపించింది. రూత్ ఓబ్రయన్ ఆధ్వర్యాన జరిగిన ఆ పని ఫలితం 1939లో వెలువడింది. పిల్లల దుస్తులకు వయస్సు కాదు, ఎత్తూ పిరుదుల చుట్టుకొలతా ఆధారంగా వుండాలని అందులో ప్రతిపాదించారు. నేడు ఐరోపా దేశాలలో పిల్లల బట్టలమీద కనిపించే 104, 110, 116 అంకెలు సెంటీమీటర్లలో పిల్ల ఎత్తును తెలిపేవే.

ఇంకొక లెక్క చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఐదేళ్ళలోపు పిల్లల ఎదుగుదలకు ప్రమాణాలు ప్రకటించింది. వాటికోసం పిల్లలను కొలిచిన ఆరు దేశాల్లో మన దేశం కూడా వున్నది. ఆ ప్రమాణాల ప్రకారం నాలుగేళ్ళు నిండిన ఆడపిల్ల సగటు ఎత్తు 103 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. అయితే 94 మొదలు 111 దాకా ఎంత వున్నా అది మామూలు ఎదుగుదల కిందనే లెక్క. ఒకే వయస్సు, పదిహేడు సెంటీమీటర్ల తేడా! నమూనాల లెక్కలో అది దాదాపు మూడు సైజులు. "నాలుగేళ్ళు" అన్న ఒక్క నమూనా వీరందరికీ ఎలా అమరుతుంది?

మన పిల్లల కొలతలు మనవారు తీయలేదా అని అడగవచ్చు. భారతీయుల కొలతల పట్టిక కోసం జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ తలపెట్టిన "ఇండియా సైజ్" పథకంలో కొలతలు తీసే ఆరు నగరాల్లో హైదరాబాదు కూడా ఒకటి. అయితే ఆ పథకం 15 నుంచి 65 ఏళ్ళవారికోసం. చిన్నపిల్లలు అందులో లేరు. కనుక మీ పిల్ల కొలతల పట్టిక మీ చేతి టేపే.

పిల్లలు పొడుగు పెరిగినంతగా ఒడ్డు పెరగరు

గుర్తుంచుకోవలసిన అసలు సంగతి ఇది. నాలుగైదేళ్ళు దాటిన పిల్ల ఏడాదికి సుమారు 5, 6 సెంటీమీటర్లు ఎత్తు పెరుగుతుంది. అదే ఏడాదిలో ఛాతీ పెరిగేది రెండు సెంటీమీటర్లు మాత్రమే. భుజాల వెడల్పు అంతకన్నా తక్కువ. మరి మనం "ఎదిగే పిల్ల" అని ఎక్కడ వదులు వదులుతున్నాం? భుజంలో, మెడలో, ఛాతీలో. పెరగని చోట గుడ్డ పోసి, పెరిగేచోట పొదుపు చేస్తున్నామన్నమాట.

పిల్లల శరీరం పెద్దవారి శరీరాన్ని కుదించినట్లు కూడా వుండదు. పుట్టినప్పుడు తల మొత్తం పొడవులో నాలుగో వంతు. పెద్దవారిలో అది ఏడెనిమిదో వంతు. రెండేళ్ళ బిడ్డ తల చుట్టుకొలత 47, 48 సెంటీమీటర్లు వుంటుంది, మెడ చుట్టుకొలత దాదాపు అందులో సగం. మెడకు సరిపోయేట్టు కత్తిరిస్తే తల దూరదు. తలకు సరిపోయేట్టు కత్తిరిస్తే మెడ జారుతుంది. అందుకే చిన్నపిల్లల బట్టలకు వీపు మీదనో భుజం మీదనో చీలిక పెట్టి గుండీలు కుడతారు. ఆ చీలికను మానేసి మెడ పెద్దది చేయడం సులువే గాని, అలా కుట్టిన బట్ట భుజం మీద నిలవదు.

ఇక పొట్ట. మూడు నాలుగేళ్ళు వచ్చేవరకు పిల్లలకు నడుము అంటూ వుండదు. పొట్ట ముందుకు వుంటుంది. గౌను ముందువైపు పైకి లేచి, వెనుకవైపు వేలాడటానికి కారణం అదే. ఈ వయస్సువారికి నడుము దగ్గర బిగించే గౌను కన్న, ఛాతీ మీదనుంచే కుచ్చులు దిగే గౌను హాయిగా వుంటుంది.

కొలతలు తీయడం

ముందు పిల్ల నడుముకు ఒక నాడా కట్టండి. అది సర్దుకుని ఆగిన చోటే నడుము. బనీను మీద కొలవండి, మందపాటి బట్టల మీద కాదు. కొలిచేటప్పుడు పిల్ల మామూలుగా నిలబడాలి; "నిటారుగా నిలుచో" అంటే ఊపిరి బిగబట్టి ఛాతీ పొంగిస్తుంది, కొలత తప్పుతుంది.

కావలసినవి ఇవి: గోడకు నిలబెట్టి తీసిన ఎత్తు, చంకల కిందుగా ఛాతీ చుట్టు, నడుము చుట్టు, పిరుదుల చుట్టు, వెనుక మెడ ఎముక నుంచి నడుము నాడా దాకా పొడవు, వీపు వెడల్పు, భుజం చివరనుంచి, మోచేయి కాస్త వంచి, మణికట్టు దాకా చేయి పొడవు, నడుము నుంచి మోకాలికీ చీలమండకీ పొడవు. నిక్కరుకైతే పిల్లవాణ్ణి బల్లమీద కూర్చోబెట్టి, పక్కన నడుము నుంచి బల్లదాకా కొలవాలి. తేదీ వేసి ఒక పుస్తకంలో రాసి వుంచుకోండి. నాలుగు నెలలకొకసారి కొలిస్తే మీ పిల్ల ఎటు ఎదుగుతున్నదో ఆ పుస్తకమే చెబుతుంది.

ఇప్పుడు నమూనా ఎంచుకోవాలి. గౌనుకూ చొక్కాకూ ఛాతీ కొలతను బట్టి, లాగులకు పిరుదుల కొలతను బట్టి ఎంచుకోండి. వయస్సు వైపు చూడకండి. పొడవు ఎప్పుడైనా కలుపుకోవచ్చు. మెడ, భుజం, చంక సరిగా లేకపోతే సవరించడం కష్టం.

ఉదాహరణకు ఒక ఆరేళ్ళ పిల్ల ఎత్తు 114, ఛాతీ 55 సెంటీమీటర్లు అనుకుందాం. నమూనా పట్టికలో 4 ఏళ్ళకు ఎత్తు 104, ఛాతీ 56 అనీ, 6 ఏళ్ళకు ఎత్తు 116, ఛాతీ 60 అనీ వున్నది. ఈ పిల్లకు తగినది నాలుగేళ్ళ నమూనా, పొడవు పెంచి. బక్కపలచని పిల్లల తల్లులు యీ ఒక్క మార్పు చేసుకుంటే చాలు, భుజాలు జారే బెడద సగం తీరుతుంది. బొద్దుగా వుండే పిల్లకు ఇదే తలకిందులు: పెద్ద నమూనా తీసి పొడవు తగ్గించాలి.

కాగితాన్ని కూడా కొలవండి

కవరు మీది పట్టికలో వుండేది పిల్ల ఒంటి కొలత. కాగితం దానికంటె పెద్దదిగానే వుంటుంది. ఊపిరి తీసుకోవడానికీ, చేతులు ఆడించడానికీ కావలసిన వదులు అందులోనే కలిపి వుంటుంది. పిల్లల గౌనుకు ఛాతీ దగ్గర 6 నుంచి 10 సెంటీమీటర్ల వదులు చాలు. ఇది తెలియక కొందరు పట్టిక చూసి ఒక సైజు పెంచుతారు, కత్తిరించేటప్పుడు మరి రెండు వేళ్ళు పెంచుతారు. వదులు మీద వదులు చేరి గౌను సంచీ అవుతుంది. కాగితాన్ని కొలిచి, కుట్లలో పోయే భాగం తీసివేసి, పిల్ల ఛాతీతో పోల్చి చూస్తే ఎంత వదులున్నదో నిమిషంలో తెలుస్తుంది.

కొన్ని నమూనాలలో కుట్టుకు వదలవలసిన గుడ్డ కలిపే వుంటుంది, కొన్నిటిలో వుండదు. కత్తెర పట్టే ముందు ఆ సంగతి చదివి తెలుసుకోవాలి. కంప్యూటరు నుంచి అచ్చు తీసుకునే నమూనాలైతే, వాటిమీద కొలత సరిచూసుకోవడానికి ఒక చదరపు గడి గీసి వుంటుంది. దాన్ని స్కేలుతో తప్పక కొలవండి. కాగితంలో పట్టించడానికి యంత్రం నూటికి ఐదు వంతులు కుదించిందంటే, 66 సెంటీమీటర్లు వుండవలసిన ఛాతీ 63కు దిగుతుంది. మీ కుట్టులో లోపం లేకుండానే గౌను బిగుస్తుంది.

గుడ్డను కూడా ముందే తడిపి ఆరవేయండి. ఖద్దరు, మగ్గం నేత, చవకరకం నూలుగుడ్డ మొదటి ఉతుకులోనే కుదించుకుపోతాయి. కత్తిరించేటప్పుడు నమూనా మీది బాణం గుర్తు గుడ్డ అంచుకు సమంగా, పడుగు పోగు వెంట వుండాలి. నాలుగు వేళ్ళ గుడ్డ కలిసివస్తుందని వాలుగా పెడితే గౌను ఒక పక్కకు తిరిగిపోతుంది.

నమూనాను దిద్దడం

పొడవు పెంచడానికి కింది అంచున కలపడం ఒక్కటే మార్గం కాదు. పైభాగం పొట్టిదైతే నడుము కుట్టు పొట్టమీదికి ఎక్కుతుంది. చంకకూ నడుముకూ మధ్య కాగితాన్ని అడ్డంగా కోసి, కావలసినంత ఎడం చేసి, కింద వేరే కాగితం అంటించండి. ముందుభాగం, వెనుకభాగం రెండిటికీ సమానంగా చేయాలి. కుచ్చుల భాగానికి విడిగా పెంచుకోవాలి. తగ్గించాలంటే అదే చోట కాగితాన్ని మడిస్తే సరి.

ఒడ్డు పెంచాలంటే ఒక లెక్క గుర్తుంచుకోండి. మొత్తం 4 సెంటీమీటర్లు కావాలంటే పక్క కుట్టు దగ్గర ముందుకూ వెనుకకూ ఒక్కొక్క సెంటీమీటరు చాలు; రెండు పక్కలా కలిసి నాలుగవుతుంది. చంక దగ్గర ఎంత పెంచారో చేతి నమూనాకు కూడా చంక కుట్టు దగ్గర అంతే పెంచాలి. లేకపోతే చేయి చంకలో ఇమడదు. నాలుగైదు సెంటీమీటర్లకన్న ఎక్కువ కావలసివస్తే దిద్దడం మాని పెద్ద నమూనా తీసుకోవడమే నయం.

పొట్ట ముందుకు వున్న పిల్లకు ముందుభాగం నడుము గీతను మధ్యలో ఒకటి ఒకటిన్నర సెంటీమీటరు దించి, పక్కల దగ్గరికి వచ్చేసరికి పాత గీతలో కలిపేయండి. గౌను ముందు లేవడం ఆగుతుంది.

చంక విషయంలో చాలామందికి ఒక భ్రమ వున్నది. చంక లోతుగా కోస్తే చేయి బాగా ఆడుతుందనుకుంటారు. నిజం దీనికి విరుద్ధం. చంక దిగువకు వుంటే పిల్ల చేయి ఎత్తినప్పుడల్లా గౌను మొత్తం దానితో లేస్తుంది. ఒరుసుకోకుండా, చంకకు దగ్గరగా వుండే కోతే చేతికి స్వేచ్ఛ ఇస్తుంది.

పాత గుడ్డతో పరీక్ష

మంచి గుడ్డ కోసేముందు పాత పంచెనో దుప్పటినో కోసి, తర్వాత లాగేసే పొడుగు కుట్లతో పైభాగం ఒక్కటి కలిపి తొడిగి చూడండి. అరగంట పని. పట్టు గుడ్డ అయితే యీ పరీక్ష మానకూడదు. పట్టు మీద విప్పిన కుట్టు గుర్తు పోదు.

తొడిగి నిలబెట్టి చూస్తే చాలదు. చేతులు పైకెత్తమనండి. వంగి నేలమీది బొమ్మ తీయమనండి. బాసింపట్టు వేసి కూర్చోమనండి. ముడతలను చూస్తే లోపం తెలుస్తుంది. ఛాతీకి అడ్డంగా లాగినట్టు ముడతలు పడితే బిగువు. నిలువు మడతలు వేలాడితే వదులు. మెడ కింద అడ్డంగా గుడ్డ పోగుపడితే మెడ ఇరుకు.

మెడ ఇరుకైతే మాత్రం తొందరపడకండి. చుట్టూరా అర సెంటీమీటరు కోస్తే మెడ చుట్టుకొలత మూడు సెంటీమీటర్లు పెరుగుతుంది. పైగా పట్టీ కుట్టకముందు మెడ ఇరుకుగానే కనిపిస్తుంది; లోపలికి మడిచే గుడ్డ ఇంకా బయటే వున్నది గదా. మెడ అంచున చిన్న చిన్న గాట్లు పెట్టి చూసి, అప్పటికీ పట్టేస్తే కొంచెం కొంచెంగా తీయండి.

నిక్కర్లు, లాగుల పరీక్ష కూర్చున్నప్పుడే. మన పిల్లలు నేలమీద కూర్చుని తింటారు, ఆడతారు, చదువుతారు. అప్పుడు వెనుక నడుము కిందికి దిగిపోతే సీటు పొడవు చాలలేదన్నమాట. వెనుకభాగం నడుము ముందుభాగం కన్న రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తు వుండాలి. కాళ్ళ సందున పట్టేస్తుంటే పక్కల్లో గుడ్డ పెంచినా లాభం లేదు. సీటు పొడవే పెంచాలి. ఎలాస్టిక్ నడుము కొలత కన్న రెండు మూడు సెంటీమీటర్లు తక్కువ వుంటే చాలు. సాయంత్రం విప్పేసరికి నడుము చుట్టూ ఎర్రటి గీత కనిపిస్తే అది బిగువు. చిన్నపిల్ల నోటితో చెప్పలేని మాట ఆ గీత చెబుతుంది.

ఎదుగుదలకు చోటు ఎక్కడ?

దీనికి జవాబు మన ఇళ్ళలోనే వున్నది. పట్టు పరికిణీకి అంచు పైన రెండు మూడు వరసల టక్కులు కుట్టించి, ఏడాదికొకటి విప్పుతూ వచ్చిన అమ్మమ్మలు యీ శాస్త్రం ఎన్నడో ఎరుగుదురు. సెంటీమీటరు లోతు టక్కు ఒకటి విప్పితే రెండు సెంటీమీటర్ల పొడవు వస్తుంది. మూడు టక్కులకు ఆరు. పిల్ల ఎత్తు ఏడాదిలో ఆరు సెంటీమీటర్లు పెరిగినా, నడుము నుంచి చీలమండ దాకా పెరిగేది మూడున్నర, నాలుగే. అంటే మూడు టక్కులతో పరికిణీ ఏడాదిన్నర సునాయాసంగా నడుస్తుంది.

గౌనుకు కింద 8 నుంచి 10 సెంటీమీటర్ల మడత పెట్టండి. పక్క కుట్ల లోపల రెండు, రెండున్నర సెంటీమీటర్ల గుడ్డ వదలండి. వీపున గుండీల పట్టీ కాస్త వెడల్పు చేస్తే మరుసటి ఏడు గుండీలు జరుపుకోవచ్చు. పరికిణీ పైభాగానికి భుజం పట్టీలు వుంటే వాటిని పొడుగు వుంచి లోపలికి మడిచి కుట్టండి. పొడుగుచేతుల కంటె బుట్టచేతులు, పొట్టిచేతులు ఎక్కువకాలం వస్తాయి. చేయి పొడవు త్వరగా పెరుగుతుంది గదా. మడత విప్పినచోట పాత గీత కనిపిస్తే దానిమీద ఒక వరస లేసో రంగు పట్టీయో వేస్తే కొత్త గౌనే అవుతుంది.

మెడ దగ్గర, భుజం దగ్గర మాత్రం ఎదుగుదలకని ఏమీ వదలకండి. జారే మెడను తాడు దూర్చి బిగించే అలవాటు కొందరికి వున్నది. ఇది మంచిది కాదు. ఆ తాడు జారుడుబల్లకో, సైకిలు చక్రానికో, తలుపు గడియకో చిక్కుకుంటే ప్రాణాపాయం. బ్రిటన్‌లో 1976లోనే పిల్లల కోట్ల తలముసుగుకు లాగే తాడు వేసి అమ్మరాదని నిబంధన తెచ్చారు. నేలమీద జీరాడే పరికిణీ కూడా అంతే. మెట్ల మీద కాలికి అడ్డం పడుతుంది, దీపావళి నాడు ప్రమిదకు తగులుతుంది. చీలమండ దగ్గర ఆగేట్టు టక్కులు వేసి, మిగతాది రాబోయే ఏటికి దాచడమే మేలు.

బట్ట అమరిందా లేదా అన్నది తల్లి అద్దం ముందు నిలబెట్టి చూసినప్పుడు కాదు, పిల్ల వీధిలోకి పరుగెత్తినప్పుడు తెలుస్తుంది. భుజం లాక్కోకుండా, నడుము గోక్కోకుండా, తన ఒంటిమీద గౌను వున్న సంగతే మరచి ఆడుకుంటున్నదంటే అది సరిగ్గా కుదిరినట్టే. ఈసారి పండుగకు గుడ్డ తెచ్చినప్పుడు ముందు పిల్లను పిలిచి, టేపు తీసి కొలవండి. నమూనా మీది వయస్సు ఆ తర్వాత చూడవచ్చు.